నవ్వుతారేమోనని దాచిన లిస్టు

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాకు నచ్చిన సినిమాలు, టీవీ, ఆన్‌లైన్ వీడియోల గురించి రెండు పేజీలు రాసుకురమ్మన్నారు క్లాసులో. ఒక్క రాత్రిలో రాసేశాను. అవార్డులు వచ్చిన మూడు విదేశీ సినిమాలు పెట్టాను. నిజం చెప్తే, ఒకటి నలభై నిమిషాలకే ఆపేశాను. ఒకదానికి రివ్యూ మాత్రమే చూశాను. మూడోది పూర్తిగా చూశాను కానీ, ఫోన్ నొక్కుకుంటూ. క్లాసులో చదివి వినిపిస్తుంటే ఆ మాటలు నావి కావనిపించింది.

నేను నిజంగా చూసేవి వేరు. ఒక పాత కామెడీ సిరీస్ మొత్తం పదకొండు సార్లు చూశాను. పరీక్షల ముందు టెన్షన్ వస్తే రెండో సీజన్ నాలుగో ఎపిసోడే పెట్టుకుంటాను. ఇంకొకటి, పాత గడియారాలు బాగుచేసే ఒకాయన వీడియోలు. ఆయన మొహం కనిపించదు, మాట్లాడడు. చేతులే కనిపిస్తాయి. తుప్పు పట్టిన చిన్న చక్రాన్ని బ్రష్‌తో రుద్దుతుంటే వచ్చే ఆ గరగర చప్పుడు వింటూ నిద్రపోతాను. ఇవి కాక సినిమాలేమైనా చూస్తే ఒకటిన్నర స్పీడులో పెట్టి, పాటలు దాటేస్తాను. ఇదంతా రాస్తే నవ్వుతారు కదా? నా టేస్టు ఎలా బాగుచేసుకోవాలి? (పేరు వేయకండి సార్, మా క్లాసులో ఈ పత్రిక చదివేవాళ్లున్నారు.)

జవాబు: పేరు వేయలేదు, నిశ్చింతగా చదువుకో.

ఆ మూడు సినిమాల గురించి నువ్వు నాకు చెప్పింది ‘అవార్డులు వచ్చినవి’ అన్న ముక్క ఒక్కటే. గడియారాలాయన దగ్గరికి వచ్చేసరికి బ్రష్ చప్పుడుతో సహా చెప్పావు. నీ రెండు పేజీలూ అక్కడే ఉన్నాయి.

కథ లేదు, మాటల్లేవు, చేతులే కనిపిస్తాయి, దాని గురించి ఏం రాస్తానంటావేమో. 1895 డిసెంబరు 28న పారిస్‌లో ఒక కఫేలో, సినిమాకి ఆద్యులని చెప్పుకునే లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి పది సినిమాలు చూపించారు. ఒక్కొక్కటీ నిమిషం కూడా లేదు. వాటిలో ఒకటేమిటో తెలుసా? ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుంది, పనివాళ్లు బయటికి వస్తారు. అంతే! అయితే ఆ ‘అంతే’ని వాళ్లు ఒకసారి తీసి ఊరుకోలేదు. దానివి మూడు రకాలు దొరుకుతున్నాయి. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం, ఇంకోదాంట్లో రెండు, మూడోదాంట్లో గుర్రమే లేదు. దానంతటది జరిగిపోతున్నట్టు కనిపించేదాని వెనక కూడా ఎవరో ఒకరు ఇలా కాదు, అలా అనుకుని ఉంటారు. మీ గడియారాలాయన కూడా మొహం దాచాలనుకున్నాడు, సంగీతం వద్దనుకున్నాడు, ఆ గరగరని మాత్రం ఉంచాడు. ఎందుకై ఉంటుందో నీకు తోచింది రాయి. తప్పయినా ఫరవాలేదు.

ఫోన్‌లో ఒంటరిగా చూడటం గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. అంతకు ముందటేడు, 1894లో, న్యూయార్క్‌లో జనం ముందుకు వచ్చిన ఎడిసన్ కైనెటోస్కోప్‌లో కూడా ఒక్కొక్కరే పెట్టె మీదికి వంగి, కన్నంలోంచి బొమ్మ చూసేవారు. పదిమంది కలిసి తెర మీద చూడటం ఆ తర్వాత వచ్చిన ముచ్చటే.

ఇక ఆ ఒకటిన్నర స్పీడు. దీనిమీద నాకు కాస్త కోపం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. కుర్రతనంలో కొన్నేళ్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర అసిస్టెంటుగా పనిచేశాను. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. కామెడీ సీను కట్ చేసేటప్పుడు ఆరు ఫ్రేముల కోసం, అంటే పావు సెకను కోసం, పెద్దవాళ్లు గంటసేపు కొట్లాడుకోవడం చూశాను. డైలాగ్ అయ్యాక ఆ పావు సెకను ఆగితే నవ్వు వచ్చేది, ఆగకపోతే రాలేదు. మూడు సెకన్ల మౌనం నీ ఫోన్‌లో రెండు సెకన్లవుతుంది. గొంతు మాత్రం కీచుమనకుండా సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది కాబట్టి ఏదో పోయిందన్న సంగతే మనకు తెలియదు. మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవారు, స్పీడు ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. రోజుకి ఇంకో ఆట పట్టాలని బొమ్మను వేగంగా తిప్పేసిన హాళ్లు కూడా ఉండేవి. సౌండ్ వచ్చాక ఆ ఆటలు సాగలేదు, స్పీడు మారితే గొంతు మారిపోతుంది కదా. అప్పుడు 24 స్థిరపడింది. ఇప్పుడు ఆ హాలువాడి పని నువ్వు చేస్తున్నావు.

కానీ ఒక పందెం కాస్తాను. ఆ కామెడీ సిరీస్‌ని నువ్వు ఒకటిన్నరలో పెట్టవు. గడియారాల వీడియోని అసలే పెట్టవు. అవునా? మామూలు స్పీడులో ఏవేం చూస్తున్నావో రాసుకో, నీ అసలు లిస్టు అదే.

రెండో సీజన్ నాలుగో ఎపిసోడ్ ఈసారి కాగితం పెన్ను పట్టుకుని చూడు. పదకొండు సార్లు చూశాక జోకు వల్ల నవ్వు రాదు. ఏ నిమిషంలో వస్తోందో గుర్తుపెట్టు. బహుశా జోకుకి ముందే, ఎవరో తలుపు తీయబోతున్నారని తెలిసినప్పుడు వస్తుంది. పరీక్షల ముందు కొత్త సినిమా కాకుండా అదే పెట్టుకోవడానికి కారణం కూడా అక్కడే దొరకొచ్చు. రేపు పేపర్లో ఏమొస్తుందో తెలియదు, తలుపు వెనక ఎవరున్నారో మాత్రం తెలుసు.

నలభై నిమిషాలకు ఆపేసిన సినిమాని తీసేయకు. ఎక్కడ ఆపావో, ఎందుకు విసుగొచ్చిందో నాలుగు లైన్లు రాయి. రివ్యూ చూసినదాన్ని కొట్టేయి. ఈ విషయంలో నీకు నీతి చెప్పే అర్హత నాకు లేదులే. ఒక గొప్ప సినిమా చూశానని పద్దెనిమిదేళ్లు చెప్పుకు తిరిగాను, అందులో ఒక సీనుని తెగ పొగిడాను కూడా. చివరికి కూర్చుని చూస్తే ఆ సీను ఆ సినిమాలో లేనే లేదు.

నవ్వుతారా అంటే, ఒకరిద్దరు నవ్వుతారు. మిగతావాళ్లు ఆ ఛానెల్ పేరు అడుగుతారు. నాకు కూడా ఒక ముక్క రాసి పంపించు. మా ఇంట్లో ఒక గోడ గడియారం పదేళ్లుగా నాలుగూ ఇరవై దగ్గరే ఆగిపోయి ఉంది.