హత్య ఎప్పుడూ నేరమే కదా, మళ్ళీ ఈ చట్టం ఎందుకు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది అనంతపురం, బెంగళూరులో హెసరఘట్ట రోడ్డు దగ్గర పీజీలో ఉంటున్నా. మా కింద ఫ్లోర్‌లో ఆఫ్రికా స్టూడెంట్స్ ఉన్నారు, మొన్న వాళ్ళ బైక్ ఎవరికో రాసుకుందని నిమిషంలో ఇరవై మంది పోగైపోయి "మీ దేశం పొండి" అని ఒకటే కేకలు, ఓనర్ ఆంటీ గేటుకి తాళం వేస్తే గానీ సర్దుమణగలేదు. అమెరికాలో మూకహత్యని 2022లో దేశం మొత్తానికి నేరం చేశారట, హత్య ముందునుంచీ నేరమేగా?
- ఒక పాఠకురాలు

జవాబు: నేరమేనమ్మా, కానీ అక్కడ హత్య కేసు మామూలుగా రాష్ట్రానిది, అంటే ఆ ఊరి షెరీఫ్ (పోలీసు పెద్ద), ఆ ఊరి జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు జనం). ఊరే మూక పక్షమైతే ఇంకేం తీర్పు? 1955లో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లాడిని కొట్టులో తెల్లావిడతో ఏదో అన్నాడని ఎత్తుకెళ్ళి చంపేశారు, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ గంట దాటీ దాటగానే ఇద్దర్నీ వదిలేసింది, మరుసటేడు వాళ్ళిద్దరే ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని మేమే చంపామని చెప్పుకున్నారు, అయినా ఒకసారి నిర్దోషులన్నాక ఆ హత్యకి మళ్ళీ విచారణ లేదు. ఎమెట్ వాళ్ళమ్మ శవపేటిక మూత మాత్రం వెయ్యనివ్వలేదు, నా కొడుకుని ఏం చేశారో అందరూ చూడాలంది.

అందుకే మూకహత్య కేసుని కేంద్ర ప్రభుత్వం కూడా నడిపేలా చట్టం కావాలన్నారు. అలాంటి బిల్లు మొదట 1900లోనే జార్జ్ హెన్రీ వైట్ పెట్టాడు, అప్పుడు కాంగ్రెస్‌లో (అంటే అమెరికా పార్లమెంటులో) ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడాయన. 1922లో ఇంకో బిల్లు దిగువ సభ దాటితే పై సభ సెనేట్‌లో మిసిసిపీ లాంటి దక్షిణాది రాష్ట్రాల సభ్యులు చర్చ సాగదీసి ఆ బిల్లుని ఆపేశారు. చివరికి 2022 మార్చి 29న సంతకం పడింది, ఎమెట్ పేరుతోనే, కుట్రలో ఉన్నవాళ్ళకి 30 ఏళ్ళ దాకా జైలు. 122 ఏళ్ళు పట్టింది చూడండి!

మనకీ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103(2) ప్రకారం ఐదుగురో అంతకన్నా ఎక్కువో కలిసి జాతి, కులం, పుట్టిన చోటు, భాష లాంటి కారణంతో చంపితే ఒక్కొక్కరికీ యావజ్జీవం లేదా ఉరి (మతం అనే మాట విడిగా రాయలేదు, ఎందుకో మరి). తీవ్ర గాయాలైతే 117(4), ఏడేళ్ళ దాకా. కాకపోతే చట్టం దేశానిదైనా ఎఫ్ఐఆర్ రాసేది మీ వీధి స్టేషనే. మీ హెసరఘట్ట వైపే 2016లో ఎవరో సూడాన్ స్టూడెంట్ కారు యాక్సిడెంట్ చేస్తే, ఏ సంబంధం లేని టాంజానియా అమ్మాయి మీద జనం పడ్డారు, కారు కూడా తగలబెట్టారు.

ఆంటీ చేసింది మంచి పని. ఇంకోసారి జరిగితే వెంటనే 112కి కొట్టండి, కంప్లయింట్ ఇచ్చేటప్పుడు ఎంతమంది ఉన్నారో, ఏమని అరిచారో ఉన్నదున్నట్టు రాయించండి, "మీ దేశం పొండి" అన్నది ఎగిరిపోయి కాగితం మీద బైక్ గొడవ ఒక్కటే మిగిలితే, ఎవరికైనా తీవ్రంగా దెబ్బలు తగిలినా ఈ సెక్షన్లు పడవు.