సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్100 మార్క్ 7 కొనొచ్చా? తిరుపతిలో వాడుతున్నవాడి మాట

మీరు అడిగింది ఇదీ: జేబులో పట్టే చిన్న కెమెరా సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 సెకండ్ హ్యాండ్‌లో అరవై వేలకు వస్తోంది. చేతిలో మంచి ఫోన్ ఉంది. పాప డాన్స్ ప్రోగ్రాములు, గంగమ్మ జాతర, చుట్టుపక్కల తిరిగే ఊళ్లు తీయాలి. పెద్ద కెమెరా మోసే ఓపిక లేదు. కొనొచ్చా?

నేనూ తిరుపతిలోనే ఉంటాను, ఇదే కెమెరా వాడుతున్నాను. మీరు ఎక్కువగా దూరం నుంచి, పగటి వెలుతురులో తీసేటట్లయితే కొనేయండి. దగ్గర్నుంచి, రాత్రిపూట తీసేదే ఎక్కువైతే మీ ఫోనే నయం, ఆ డబ్బు దాచుకోండి.

ఇదే వరసలోని పాత మోడళ్లతో తేడా అంతా లెన్స్‌తోనే వచ్చింది. 2012లో మొదటి ఆర్‌ఎక్స్100 వచ్చినప్పటి నుంచి సెన్సర్ (ఫొటో పడే చిప్) సైజు మారలేదు: 13.2 × 8.8 మిల్లీమీటర్లు. దాన్నే 1 అంగుళం సెన్సర్ అంటారు. 2014లో వచ్చిన మార్క్ 3 నుంచి మార్క్ 5 దాకా 24-70 లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరికొస్తుంది), అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, 1.8 నుంచి 2.8 (ఈ అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది). తక్కువ వెలుతురులో బాగా నెగ్గుకొచ్చేది. 2018లో మార్క్ 6కి దాన్ని 24-200 చేశారు. 2019లో వచ్చిన మార్క్ 7లోనూ అదే. జూమ్ పెరిగింది గానీ అపర్చర్ 2.8 దగ్గర మొదలై 4.5కి పడిపోయింది. జూమ్ 70కి తీసుకెళ్తే, మార్క్ 5 లాక్కునే వెలుతురులో ఇది దాదాపు సగమే లాక్కుంటుంది. జేబులో పట్టాలి, దూరం లాగాలి, చీకట్లోనూ తీయాలి అంటే మూడూ ఒకదాంట్లో కుదరవు.

ఆ 200 విలువ తెలిసేది జాతరలోనే. తాతయ్యగుంట గుడి చుట్టూ వీధుల్లో ఆ రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. వేషం కట్టినవాళ్ల ముఖం దాకా ఫోన్ పట్టుకుని పోవడం కష్టం, పోయినా వాళ్లు మనల్ని చూసి ఫోజిస్తారు. అరుగు మీద నిలబడి, జూమ్ లాగి, ఎదురుగా వస్తున్నవాళ్లలో ఒకరి ముఖం మీద వేలు పెడితే చాలు, ట్రాకింగ్ ఆ ముఖాన్ని పట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొచ్చి పోయినా చాలాసార్లు మళ్లీ అదే కంటి మీదికి వచ్చేస్తుంది. ఈ కెమెరాలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకో సంగతి, జాతరలో కట్టే ‘తోటి వేషం’ దగ్గర తెలుస్తుంది. ఒళ్లంతా బొగ్గు పూసుకుని వస్తారు కదా, మిట్టమధ్యాహ్నం ఎండలో నా ఫోన్ ఆ నలుపును లేపి లేపి బూడిద రంగు చేసేస్తుంది. ఇందులో రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫొటో) తీసుకుంటే నలుపు నలుపుగానే ఉంటుంది, చెంప మీద చెమట గీత కూడా కనిపిస్తుంది. అదీ కాక, దీని లీఫ్ షట్టర్ (లెన్స్‌లోనే తెరుచుకుని మూసుకునే రెక్కలు) వల్ల ఎంత ఎండలోనైనా వేగంగా తీస్తూనే చిన్న ఫ్లాష్ వాడొచ్చు. రెండు మీటర్ల లోపు మనిషికి కళ్ల కింద నీడ పోతుంది. ఇంట్లో ఫంక్షన్లప్పుడు అదే ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి తెల్ల సీలింగ్ వైపు కొట్టించండి, ముఖాల మీద జిడ్డు మెరుపు ఉండదు. ఈ చిట్కా చాలామందికి తెలీదు.

ఇక పాప డాన్స్. మీకు ఇక్కడే నిరాశ ఎదురయ్యేది. మా అక్క కూతురు మహతి ఆడిటోరియంలో ఆడినప్పుడు మధ్య వరసల్లో కూర్చుని తీశాను. దూరానికి జూమ్ సరిపోయింది. కానీ చేతులు, కాళ్లు కదులుతుంటే షట్టర్ వేగం కనీసం సెకనులో 250వ వంతు (1/250) ఉండాలి. అపర్చర్ 4.5 కంటే తెరుచుకోదు, అందువల్ల ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోను వెలిగించే సెట్టింగ్) 6400కి ఎక్కి కూర్చుంటుంది. ఆ ఐఎస్ఓలో ఈ సైజు సెన్సర్ గింజలు గింజలుగా తీస్తుంది, పట్టుచీర అంచు కలిసిపోతుంది. వాట్సాప్‌లో పంపుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పెద్ద ఫ్రేమ్ కట్టించుకోవాలంటే ఆలోచించాలి. సైలెంట్ షట్టర్ పెట్టకండి, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. మామూలు షట్టర్ శబ్దం కూడా పెద్దదేం కాదు, పక్కవాళ్లకు వినపడదు.

సూళ్లూరుపేట వైపు, పులికాట్‌లో ఫ్లెమింగోల కోసమైతే దీన్ని నమ్ముకోవద్దు. 200తో వచ్చేవి గులాబీ రంగు చుక్కలే. తలకోనలో జలపాతాన్ని పాలధారలా తీయాలన్నా చిక్కే. మార్క్ 3, 4, 5లలో లోపలే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే అద్దం) ఉండేది, 6లోనూ 7లోనూ తీసేశారు. ఫిల్టర్ బిగించడానికి లెన్స్ ముందు మర కూడా లేదు. చంద్రగిరి కోటలో రాజమహల్ మొత్తం ఫ్రేములో పట్టించడానికి ఫోన్ చాలు. వెనక కొండ మీది గోడల్ని దగ్గరికి లాగాలంటే మాత్రం ఇది తీయాల్సిందే.

మన ఎండ గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో బయట స్క్రీన్ మీద ఏమీ కనపడదు. అప్పుడు పక్కనున్న మీట నొక్కితే పైకి లేచే వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ప్రాణం పోస్తుంది. అదే ఎండలో 4కే వీడియో పెట్టారంటే ఇంత చిన్న బాడీ త్వరగా వేడెక్కుతుంది, వార్నింగ్ చూపించి ఆగిపోవచ్చు. పాప డాన్స్ మొత్తం ఏకబిగిన రికార్డ్ చేయాలనుకుంటే ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టడమే మేలు. బ్యాటరీ 1240 ఎంఏహెచ్, ఇప్పటి ఫోన్లలో 5000 మామూలైపోయింది. ఒక ఛార్జికి 260 ఫొటోలని కంపెనీయే చెబుతుంది. అదనంగా ఒక బ్యాటరీ ధర కూడా బడ్జెట్‌లో కలుపుకోండి.

కొండకు నడిచి పోతే హాయిగా ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు 302 గ్రాములు బరువే అనిపించదు, దారిలో జింకలు కనపడితే జూమ్ ఉండనే ఉంది. కానీ దర్శనం క్యూలోకి ఫోన్లూ కెమెరాలూ రానివ్వరు, కౌంటర్‌లో అప్పగించాలి. అంత ఖరీదైన వస్తువు వదిలి లోపల నిలబడాలంటే నాకైతే టెన్షనే. దర్శనం రోజు ఇంట్లోనే పెట్టేసి వెళ్తాను.

వేరే కెమెరాలు చూడాలా అంటే, జూమ్ వద్దు, వీధులు, మనుషులు చాలు అనుకుంటే రికో జీఆర్ 3 ఉంది. సెన్సర్ దీనికంటే మూడు రెట్లు పెద్దది, బరువు ఇంకా తక్కువ. కానీ 28కి కట్టేసిన లెన్స్, ఫ్లాష్ లేదు. మీ పాప స్టేజీ మీద వేలెడంత కనిపిస్తుంది. 2024లో వచ్చిన ఫుజీ ఎక్స్100 6 అందరూ మోజుపడేదే, 35 లెన్స్, 40 మెగాపిక్సెల్. అరకిలో దాటిన బరువు కాబట్టి జేబులో పెట్టుకునేది కాదు.

అరవై వేలకు ఇస్తానన్నాయన దగ్గరికి పగలే వెళ్లండి. ముందు అపర్చర్ 11కి పెట్టి, ఖాళీ ఆకాశాన్ని వైడ్‌లో ఒకటి, ఫుల్ జూమ్‌లో ఒకటి తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. ఒకే చోట మసక మచ్చలు కనపడితే లోపల దుమ్ము చేరినట్టే. ముందుకీ వెనక్కీ జరిగే లెన్స్ ఉన్న ఏ చిన్న కెమెరాలోనైనా ఇది మామూలు, జాతరలో ఎగిరే కుంకుమ కూడా లోపలికి పోతుంది. దాన్ని క్లీన్ చేయించాలంటే లెన్స్ విప్పాలి, ఖర్చు బాగా అవుతుంది. తర్వాత కెమెరాను పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి, లెన్స్ కదిలేటప్పుడు గరగర శబ్దం రాకూడదు. వ్యూఫైండర్‌ను లేపి దించండి, ఫ్లాష్ లేపి ఒకటి తీయండి. ఛార్జింగ్ పోర్ట్ పాత మైక్రో యూఎస్‌బీ, అది వదులైపోయి ఉంటుంది చాలాసార్లు, మీ కేబుల్ తీసుకెళ్లి పెట్టి చూడండి. మచ్చలు కనపడితే బేరం కూడా ఆడకండి, ఇంకొకటి దొరుకుతుంది.