వాన తరువాత రొయ్యల చెరువు: పై నీరు, అడుగు నీరు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రెండెకరాల చెరువులో వనామీ రకం రొయ్య వేసి 60 రోజులైంది. నీటి లోతు 5 అడుగులు, సెలైనిటీ (ఉప్పుదనం) 12 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో 12 పాళ్ళ ఉప్పు). మొన్న రాత్రి కుండపోత వాన పడింది. కరెంటు లేక ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరగలేదు. నీరు తగ్గిద్దామని అడుగు గొట్టం తెరిచాను. తెల్లవారేసరికి రొయ్యలు గట్టు వెంట పైపైన తిరుగుతున్నాయి. చనిపోయినవి నాలుగైదే కనిపించాయి. ఏమి చేయాలి?

జవాబు: నీరు తీయాలన్న మీ ఆలోచన సరైనదే. తీసిన చోటే పొరపాటు జరిగింది.

వాననీటిలో ఉప్పు ఉండదు. 12 పీపీటీ ఉన్న మీ చెరువు నీరు దానికంటే లీటరుకు దాదాపు 9 గ్రాములు ఎక్కువ తూగుతుంది. వాననీరు చల్లన గనుక అడుగుకు దిగిపోతుందని చాలామంది రైతులు అనుకుంటారు. మంచినీటి చేపల చెరువులో అది నిజమే. అయితే 30 డిగ్రీల నీటికంటే 25 డిగ్రీల నీరు లీటరుకు ఒకటిన్నర గ్రాములు కూడా ఎక్కువ తూగదు కాబట్టి, ఉప్పునీటి చెరువులో ఆ చల్లదనం బరువు చాలక వాననీరు పైనే పరుచుకుంటుంది. 10 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరానికి 4 లక్షల లీటర్ల నీరు అలా చేరుతుంది. ఏరేటర్లు తిరగని రాత్రి ఆ పొర దాటి గాలిలోని ప్రాణవాయువు కిందికి అందదు. అడుగున మిగిలిన మేత, మలం కుళ్ళుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ హరిస్తాయి. అడుగున బతికే రొయ్య ఊపిరాడక పైకి వచ్చింది అందుకే.

5 అడుగుల లోతున నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 గ్రాములే. దానివల్ల రొయ్యకు హాని లేదు గానీ, గొట్టం గుండా అడుగు నీటిని బలంగా బయటికి తోసేది ఆ ఒత్తిడే. కాబట్టి రాత్రంతా మీ చెరువు నుంచి పోయింది ఉప్పునీరు, మిగిలింది వాననీరు.

ముందుగా గొట్టం మూసి, డీజిల్ ఇంజనుతోనైనా ఏరేటర్లు తిప్పండి. అడుగు బురద లేవకుండా గట్టు పక్కనున్న వాటితో మొదలుపెట్టండి. 10 సెంటీమీటర్ల వాన మొత్తం కలిసినా సెలైనిటీ 11 పీపీటీకి పైనే ఉంటుంది, దాన్ని వనామీ తట్టుకుంటుంది; పొరగా నిలిచిపోవడమే అసలు ప్రమాదం. తరువాత తూము పై చెక్కలు ఒక్కొక్కటిగా తీసి పై నీటిని మురుగు కాలువలోకి వదలండి, పంట కాలువలోకి వద్దు. చెక్కల తూము లేకపోతే అడుగు గొట్టానికి ఎల్బో (వంపు ముక్క) వేసి, నిలువు గొట్టం మూతి నీటిమట్టానికి కొంచెం దిగువన ఉండేలా అమర్చండి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి), ఆల్కలినిటీ (పీహెచ్ మారకుండా నిలిపే గుణం) పరీక్షించిన తరువాతే సున్నం వేయండి.

నాలుగైదే చనిపోయాయని ఊరట చెందకండి. నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే. చేపకున్నట్టు రొయ్యకు గాలితిత్తి లేదు, దాని ఒళ్ళు నీటికంటే బరువు, అందుచేత చనిపోయిన రొయ్య మునిగి అడుగునే పడి ఉంటుంది. చెక్ ట్రేలు (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళేలు) ఎత్తి చూడండి, విసురువల వేసి అడుగు తడమండి. పాత లెక్కన మేత వేస్తే తినేవి లేక అది కుళ్ళి, ప్రాణవాయువు మళ్ళీ పడిపోతుంది. తెల్లవారుజామున అడుగు నీటిలో డీఓ (కరిగిన ప్రాణవాయువు) 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) దాటే వరకు మేత ఆపి, ఆపై మిగిలిన రొయ్యల అంచనా ప్రకారం తక్కువతో మొదలుపెట్టండి.

అడుగు నీరు పట్టడానికి అర లీటరు ఖాళీ గాజు సీసాకు బిరడా పెట్టి, కిలో రాయి కట్టి దించండి. రాయి లేకపోతే నీరు ఆ సీసాను పైకి నెట్టేస్తుంది. అడుగు తాకాక బిరడాకు కట్టిన దారం లాగితే బుడగలు పైకి వస్తాయి. అవి ఆగాక సీసా తీయండి. ఆ నీటినీ, పై నుంచి ముంచిన నీటినీ ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుపై చూసి, రెండు అంకెలూ దగ్గరయ్యే వరకు ఏరేటర్లు ఆపకండి.