పాఠకుల ప్రశ్నలు: బడి సంచిలో సెల్‌ఫోను

పిల్లలు బడికి సెల్‌ఫోను తీసుకువెళ్ళడం గురించి ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. రాసినవారు పేర్లు వేయవద్దన్నారు కనుక ఊరి పేర్లు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: మావాడు ఊళ్ళోనే ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మూడు వారాల కిందట వాడి సంచిలో స్మార్ట్‌ఫోను కనబడిందని బడివారు తీసుకుని, వార్షిక పరీక్షలు అయ్యేదాకా ఇచ్చేది లేదన్నారు. మా ఇంట్లో ఉన్న పెద్ద ఫోను అదొక్కటే. సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళిన మావారు రాత్రిపూట మాట్లాడేది దానికే, బడివారు వాట్సాప్‌లో ఇంటిపని పంపేదీ దానికే. ఆ సందేశాలు ఒడియాలో ఉంటాయి. నాకు ఒడియా మాట వచ్చు గాని అక్షరం రాదు కనుక, బడివారు ఏం రాశారో వాడు చదివి చెప్పిందే నాకు వేదం. ట్యూషను ముగించుకుని వచ్చేసరికి చీకటి పడుతుందని వాడు ఫోను పట్టుకెళ్ళాడు. ఇందులో తప్పు ఎవరిది? బడివారు ఇన్నాళ్ళు ఫోను ఉంచుకోవచ్చునా?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. తరగతిలో ఫోను వాడటం ఒకటి, బడికి ఫోను తేవడం ఇంకొకటి, తెచ్చిన ఫోనును బడివారు తమ దగ్గరే ఉంచేసుకోవడం మూడోది. మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్పబోవడం వల్లనే బడికీ ఇంటికీ మధ్య తగువులు వస్తున్నాయి.

తరగతిలో వాడటం విషయంలో నేను పూర్తిగా బడివారి పక్షమే. 2022లో అంతర్జాతీయంగా జరిగిన పీసా పరీక్షలో (అందులో మన దేశం పాల్గొనలేదు) పదిహేనేళ్ళ విద్యార్థులను ఈ సంగతే అడిగినప్పుడు, లెక్కల తరగతిలో తోటివారు ఫోన్లు, ఇతర పరికరాలు వాడుతుంటే తమ ధ్యాస చెదురుతోందని ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాలలో 59 శాతం మంది చెప్పారు. అలా చెప్పినవారి మార్కులు, కుటుంబ స్థితిగతుల తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, చెప్పనివారి కంటే 15 పాయింట్లు తక్కువగా వచ్చాయి. ఇక్కడ గమనించవలసింది ‘తోటివారు’ అనే మాట. ఫోను పట్టుకున్న పిల్లవాడి చదువు ఎలాగూ దెబ్బతింటుంది, దానితోపాటు పక్క బెంచీ వాడి చదువూ దెబ్బతింటుంది. కాబట్టి ‘మావాడు బుద్ధిమంతుడు, వాడికి అనుమతి ఇవ్వండి’ అని ఏ తల్లిదండ్రులు అడిగినా బడి ఒప్పుకోవడానికి వీలులేదు.

ఒకసారి చెదిరిన ధ్యాస మళ్ళీ పాఠం మీదికి రావడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చునని యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక పేర్కొన్నది. మన బడుల్లో ఒక పీరియడు ముప్పావు గంటకు మించదు కనుక, ఒక్క సందేశం మోగితే ఇంచుమించు సగం పాఠం పోయినట్లే. మీవాడి విషయంలో నష్టం ఇంకా ఎక్కువని నా నమ్మకం. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియాలో చదివే పిల్లవాడు, ఉపాధ్యాయుడు చెప్పిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి చెవితో విని, మరొకసారి మనసులో తెలుగు చేసుకోవాలి. మధ్యలో ఒక వాక్యం జారిపోతే తరువాతి నాలుగు వాక్యాలూ అందవు. ఇంగ్లండులోని నాలుగు నగరాలలో 91 బడులను పరిశీలించి 2015లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రచురించిన పరిశోధనలో కూడా, ఫోన్లు ఆపినందువల్ల ఎక్కువ మేలు జరిగింది వెనుకబడిన పిల్లలకే. చురుకైనవారి మార్కులలో చెప్పుకోదగిన తేడా రాలేదు.

అయితే నిషేధంతో అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. 2025లో వెలువడిన మరొక పరిశోధనలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవారు 30 బడులలోని పన్నెండు వందల పైచిలుకు పిల్లలను పరిశీలించగా, ఫోన్లు ఆపిన బడులలోని పిల్లల మానసిక స్థితి ఆపని బడులలోని పిల్లలకంటే మెరుగ్గా ఏమీ లేదు; రోజు మొత్తం మీద ఫోనుతో గడిపే సమయమూ తగ్గలేదు. పగలు బడి కాపాడిన గంటలు రాత్రి దుప్పటి కింద ఖర్చయిపోతున్నాయన్నమాట. బడి గేటు దాటాక కాపలా కాయవలసింది ఇల్లే. మీ ఇంట్లో ఆ భారమంతా మీ ఒక్కరి మీదే ఉన్నదని మీ ఉత్తరమే చెబుతున్నది.

ఇక బడికి తేవడం. చీకటి పడ్డాక ఒంటరిగా ఇంటికి వచ్చే పిల్లవాడి దగ్గర ఫోను ఉండాలనుకోవడం తప్పు కాదు. కేంద్రీయ విద్యాలయానికి చెందిన ఒక విద్యార్థి విషయంలో 2025 ఫిబ్రవరి 28న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, బడులలో స్మార్ట్‌ఫోన్లను సంపూర్ణంగా నిషేధించడం అభిలషణీయమూ కాదు, ఆచరణ సాధ్యమూ కాదు అన్నది. వీలున్నచోట పిల్లలు రాగానే ఫోన్లను బడిలో అప్పగించి వెళ్ళేటప్పుడు తీసుకోవాలని, తరగతి గదిలోనూ బడి బస్సులోనూ వాడరాదని, ఫొటోలు, వీడియోలు తీయరాదని, భద్రత కోసం ఇంటివారితో మాట్లాడే అవకాశం మాత్రం ఉండాలని సూచించింది. ఆ ఉత్తర్వు ఒడిశా బడులను కట్టిపడేయదు, కానీ మీ బడివారి ముందు పెట్టి మాట్లాడదగినదే. ఏరు దాటి పాతపట్నం వెళ్తే నియమం వేరు: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో తన బడులలో విద్యార్థుల ఫోన్లను పూర్తిగా నిషేధించింది. అటువైపు బంధువులు చెప్పే మాటను ఇటువైపు చట్టమనుకోవద్దు.

మూడోదైన జప్తు విషయంలో బడివారు హద్దు దాటారనే అంటాను. అదే ఉత్తర్వులో, నియమం మీరిన పిల్లల ఫోనును జప్తు చేయడం తేలికపాటి శిక్షగా సరిపోతుందని కోర్టు అన్నది. మీ ఇంట్లో జరిగింది తేలికపాటి శిక్ష కాదు. కొడుకు చేసిన పనికి తల్లికీ, ఎక్కడో సూరత్‌లో ఉన్న తండ్రికీ కలిపి వేసిన జరిమానా. హెడ్మాస్టరు పేరిట ఒక అర్జీ రాయండి. అందులో వాదన పెట్టుకోవద్దు. ఫోను మీవారిదని, ఇంటికి అదొక్కటే ఆధారమని, బడి పంపే ఇంటిపని కూడా దానికే వస్తుందని, అది ఇక బడికి రాకుండా చూసుకుంటానని నాలుగు వాక్యాలు రాసి, మీరే వెళ్ళి చేతికివ్వండి. ట్యూషను రోజుల కోసం బటన్ ఫోను ఒకటి కొనగలిగితే, దానిని బడిలో ఎవరికి అప్పగించాలో ఆ సందర్భంలోనే అడిగి, రాయించుకోండి.

‘వాడు చెప్పిందే నాకు వేదం’ అన్నారు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట అదే. బడికీ తల్లికీ నడుమ దుబాసీ ఆ పిల్లవాడే అయితే, తనకు నచ్చని కబురు ఏదీ మీ దాకా రాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా కూడా ఉన్నది. వాట్సాప్‌లో వచ్చిన సందేశం మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి, అందులో అతికిస్తే తెలుగులో చూపుతుంది. ఆ తెలుగు అందంగా ఉండదు, ఒక్కొక్కసారి నవ్వు కూడా వస్తుంది, కానీ రేపు లెక్కల పరీక్ష ఉన్నదో లేదో తెలుసుకోవడానికి చాలు. చేతిరాతను ఫొటో తీసి పంపితే ఈ పద్ధతి సరిగా పనిచేయదు కనుక, ముఖ్యమైన కబుర్లను టైపు చేసి పంపమని తరగతి ఉపాధ్యాయుణ్ణి కోరండి.

ప్రశ్న: మా బడిలో తెలుగు చదివే పిల్లలందరికీ ఉపాధ్యాయుణ్ణి నేనొక్కడినే. పద్యం ఎలా చదవాలో నా ఫోనులో వినిపిస్తుంటాను. నిషేధం అందరికీ వర్తిస్తుందంటూ నా ఫోను కూడా బీరువాలో పెట్టమంటున్నారు. ఇది న్యాయమా?
— ఒక ఉపాధ్యాయుడు, రాయగడ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ హెడ్మాస్టరు ఉద్దేశం తప్పని నేను అనలేను. ఆంధ్రలోనూ 2023 ఉత్తర్వు ప్రకారం ఉపాధ్యాయులు తరగతికి వెళ్ళే ముందు తమ ఫోన్లను ప్రధానోపాధ్యాయుడికి అప్పగించాలి. పాఠం మధ్యలో గురువే తెర వైపు చూస్తూ ఉంటే పిల్లల ఫోన్లను ఏ నోటితో ఆపుతాము? కానీ బోధన సాధనంగా వాడే ఫోను సంగతి వేరు. ఏ రోజు, ఏ పీరియడులో, ఏ పద్యానికి ఫోను కావాలో పాఠ్య ప్రణాళికలో ముందే రాసి సంతకం చేయించుకోండి. ఆ పీరియడుకు బీరువా నుంచి తీసుకుని, కాగానే తిరిగి పెట్టండి. రెండు నెలలు అలా నడిపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వినిపించవలసింది మీ ఒక్క ఫోనులో, వీలైతే చిన్న స్పీకరు తగిలించి. పిల్లలను ఫోన్లు తెమ్మనవద్దు, ఇంట్లో వీడియో చూసి రమ్మని కూడా అనవద్దు. మీ జిల్లాలోనే 2021లో ఆన్‌లైన్ తరగతుల కాలంలో సిగ్నల్ కోసం కొండ ఎక్కిన ఒక బాలుడు జారిపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందరికీ అందని దానిని ఇంటిపనిగా ఇవ్వకూడదని ఆనాడే నేర్చుకుని ఉండాలి. కావలసినది ముందురోజు సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని తెచ్చుకోండి. బడి పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌లోని పాఠాలను కూడా అలా దించుకుని నెట్ లేకుండా చూపవచ్చు.

ప్రశ్న: నేను పదో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సైన్సు మాటలేమో ఇంగ్లీషు. అబ్బాయిలకు సొంత ఫోన్లున్నాయి, రాత్రి అర్థాలు వెతుక్కుంటారు. నాకు మా నాన్నగారి ఫోను ఆదివారం మాత్రమే దొరుకుతుంది. బడిలో రోజూ ఒక గంట ఫోనుకు అనుమతి ఇవ్వాలని అమ్మాయిలమంతా అర్జీ రాస్తున్నాము. సబబేనా?
— ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: చిరంజీవీ, నీ ఫిర్యాదు నిజమైనది. గ్రామీణ భారతంలో జరిపిన అసర్ 2024 సర్వేలో, 14 నుంచి 16 ఏళ్ళ వయసులో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన అబ్బాయిలలో 36.2 శాతం మందికి సొంత ఫోను ఉంటే, అమ్మాయిలలో 26.9 శాతం మందికే ఉన్నది. అదే సర్వేలో, ఆ వారంలో చదువు కోసం ఫోను వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. అంటే మీ అబ్బాయిలు రాత్రి వెతుకుతున్నవన్నీ అర్థాలే అని నువ్వు నమ్మనక్కరలేదు.

అర్జీ రాయండి, కానీ కోరికను మార్చండి. బడిలో ఫోనుకు అనుమతి ఇస్తే ఆ గంట కూడా ఫోను ఉన్నవారికే దక్కుతుంది, మీరు మళ్ళీ చూస్తూ కూర్చోవలసిందే. 2021 నుంచి ఒడిశాలో హైస్కూళ్ళను తీర్చిదిద్దే కార్యక్రమం కింద ఎన్నో బడులకు స్మార్ట్ తరగతులు, ఈ-లైబ్రరీలు వచ్చాయి. మీ బడికి వచ్చి ఉంటే, ఆ గది తాళం బడి వదిలాక ఒక గంట తీసి ఉంచమని, ఒక ఉపాధ్యాయురాలు దగ్గర ఉండాలని అడగండి. రాకపోతే ఆఫీసులోని కంప్యూటరు దగ్గర వారానికి రెండు రోజులు అడగండి. మీ నాన్నగారిని ఆదివారం గంటకు బదులు రోజూ రాత్రి భోజనం ముందు పదిహేను నిమిషాలు ఇవ్వమను. ఆ రోజు తెలియని మాటలు నోటుబుక్కులో రాసి పెట్టుకుంటే, వెతకడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టదు.

ఇంకొక దారి ఉన్నది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మీ పక్కనే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు చేతిలో నిఘంటువు లేదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, తరువాత ఆ నిఘంటువును తానే రాశారు. నీకు ఒడియా ఇంటి భాషగా ఉన్న స్నేహితురాళ్ళు తరగతి నిండా ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రోజుకు ఐదు మాటలు అడిగి రాసుకో. లెక్కలలోనో సైన్సులోనో వాళ్ళకు రానివి ఐదు నువ్వు చెప్పు.