రాజీనామా మీద సంతకం పెట్టకు

చిరంజీవి రమేష్‌కు,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మీ పెద్దమ్మ, నేను నీ గురించే మాట్లాడుకుంటున్నాం. "నువ్వే రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం, లేదంటే తీసేశామని రాస్తాం" అని కంపెనీవాళ్లు అన్నారట కదా. జీడిమెట్లలో యూనియన్ పనులు చూసినన్నాళ్లూ ఈ మాట ఎంతమంది నోట విన్నానో! సంతకం పెట్టకు నాన్నా. వాళ్లు తీసేస్తే అడగడానికి చట్టం ఉంది. రాజీనామా ఇచ్చాక, అది బలవంతంగా రాయించుకున్నదని నిరూపించాల్సింది నువ్వే. సెటిల్‌మెంట్ కాగితంలో "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అనే వాక్యం ఉంటుంది, అదీ చూసుకో.

రేపు మామూలుగానే షిఫ్టుకు వెళ్లు. గేటు దగ్గర ఆపితే సెక్యూరిటీతో గొడవ పడకు, అతనేం చేస్తాడు పాపం. అక్కడే నిలబడి నీ సొంత మెయిల్ నుంచి "ఉదయం ఆరింటికి డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని హెచ్‌ఆర్‌కు రాయి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. లేకపోతే రేపు కోర్టులో "మేం తీసెయ్యలేదు, అతనే రావడం మానేశాడు" అంటారు. ఈ ఒక్క వాదనతో నీరుగారిపోయిన కేసులు చూశాను.

తర్వాత లేబర్ ఆఫీసర్‌కు అర్జీ పెట్టాలి. మీ ఏరియాకు ఎవరో తెలియకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడుగు. ఆయన తీర్పు చెప్పడు, ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తాడు. కుదరకపోతే కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చాక, ఇలాంటి వివాదం లేవనెత్తడానికి పాత మూడేళ్ల గడువు రెండేళ్లయింది, నాన్చకు. నీ హోదా సూపర్‌వైజర్ అని రాసి, కార్మికుడివే కాదన్నా భయపడకు, నిజంగా చేసే పనేమిటో చూస్తారు.

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసెయ్యాలంటే కనీసం నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారమూ ఇవ్వాలి. తప్పు చేశావంటే విచారణ జరపాలి.

కేసుకు ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా పని వెతుక్కోవడం తప్పేం కాదు, కానీ దాచకు. వెనకటి జీతం అడిగినప్పుడు ఎక్కడైనా సంపాదించావా అని తప్పకుండా అడుగుతారు.

అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తీసుకుని ఆదివారం ఇంటికి రా. కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోకు.

మీ పెదనాన్న