మూత లేని గిన్నె

నాయనా,

‘జాన్ డీల్మన్’ సినిమా మీద నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ ‘మూడు గంటలకు పైగా ఏమీ జరగదు, అయినా మనసు నిండిపోతుంది’ అన్న వాక్యం దగ్గర నాకు కోపమొచ్చింది. ఏమీ జరగకపోవడమేంది?

1975లో వచ్చిన ఆ ‘జాన్ డీల్మన్’లో కెమెరా కదలదు, అంతే. బ్రసెల్స్‌లో ఒక వితంతువు, ఆమె కొడుకు, మూడు రోజులు. రెండో రోజు పొయ్యి మీది ఉర్లగడ్డలు ఉడకాల్సిన దానికన్నా ఎక్కువ ఉడికిపోతాయి. డబ్బు దాచే గిన్నెకు మూత పెట్టడం మర్చిపోతుంది. మొదటి రోజు ఆమె ప్రతి మూతా పెట్టడం, ప్రతి లైటూ ఆర్పడం ఓపిగ్గా చూసినోళ్ళకే ఆ గిన్నెను చూస్తే టెన్షన్ పుడుతుంది. నీ వ్యాసంలో గిన్నె లేదు, మూత లేదు. ‘అస్తిత్వ వేదన’ మాత్రం పేజీకి రెండుసార్లుంది. ఒకటిన్నర స్పీడులో చూశావేమోనని నా అనుమానం. తీసిన షాంతల్ అకెర్మన్‌కు అప్పటికి పాతికేళ్ళు నిండలేదు, నీ ఈడే.

నా కథొకటి ఇట్లాగే ఏమీ జరగదనిపించుకుని పత్రిక నుంచి తిరిగొచ్చింది. విత్తనాలకు శెనక్కాయలు వలిచే ఆడవాళ్ళ కథ. గింజ పైపొర చిట్లితే మొలవదని మెల్లగా వలుస్తారు, బొటనవేళ్ళు బొబ్బలెక్కుతాయి, మధ్యమధ్యలో ఒకరు లేచి వాకిట్లోకి పోయి మొగులు చూసొస్తారు. పదును వాన పడదు. కథ అంతే. ‘కదలిక లేదు’ అని రాశాడు సంపాదకుడు. సీమ కథంటే ఆయనకు కరువైనా ఉండాలి, కత్తైనా ఉండాలి. కరువు ఆ వాకిట్లోనే నిలబడి ఉందని ఆయనకు కనబడలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే మంచి ఏడని చెప్పుకునే అనంతపురంలో ఎదురుచూడటం కన్నా పెద్ద సంఘటన ఏముంటుంది? ఆ సంపాదకుడి తర్వాత వచ్చినాయన మరీ ఘనుడు, మొదటి పేజీలోనే శవం లేవాలన్నాడు. సరే, వాళ్ళ సంగతి వదిలెయ్.

నీ వ్యాసంలో నాలుగో పేజీ చివర, బ్రాకెట్లలో, ఒక మాట పడేశావు. నువ్వు సినిమా చూస్తుంటే మీ అమ్మ వచ్చి వెనక నిలబడి, ‘ఈయమ్మకి ఇంకా పని కాలేదా?’ అని అడిగిందని. అది చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఏ విమర్శకుడు రాశాడయ్యా అంత మాట? నువ్వేమో వెంటనే ఫ్రెంచి పండితుల దగ్గరికి పరుగెత్తావు. ఆమె అప్పుడు చేతిలో ఏం పట్టుకుని ఉంది? అడిగి మళ్ళీ లోపలికి పోయిందా, కూర్చుని చూసిందా? రాత్రి ఎన్నింటికి ఆమె పని అవుతుంది?

ఏ పత్రికకు పంపాలని అడిగావు, వర్క్‌షాపుకు పోవాలా అని కూడా. ముందు పండితులందర్నీ కొట్టేసి, ఆ బ్రాకెట్లు తీసేసి, అక్కడి నుంచి మొదలుపెట్టి రాయి. ఈసారి పీడీఎఫ్ వద్దు, ఫోన్లో అక్షరాలు ఆనవు. ప్రింటు తీసి పోస్టులో పంపు.