ఉండిపోవడానికి ఊరు వెతుకుతున్నారా? నవంబరులో వెళ్లి చూడండి

దూరం నుంచి పనిచేసుకుంటూ విదేశంలో స్థిరపడాలని మీరు రాసి పంపిన ఊళ్ల జాబితా చదివాను. ప్రతి ఊరికీ ఇంటి అద్దె, ఇంటర్నెట్ వేగం, సముద్రం ఎంత దూరమో శ్రద్ధగా రాసుకున్నారు. సాయంత్రం ఆరు దాటాక మీతో మాట్లాడేవారెవరన్న గడి మాత్రం అందులో లేదు. కొత్తగా బయలుదేరిన ప్రతివారూ ఇలాగే లెక్కలు వేస్తారు. నేనూ వేశాను కాబట్టి చనువుగా చెబుతున్నాను.

వీసా సంగతులు ముందే ముగించేస్తాను. పర్యాటక వీసా మీద షెంజెన్ దేశాలన్నిటిలో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దూరం నుంచి పనిచేసుకునే విదేశీయుల కోసం పోర్చుగల్ 2022లో, స్పెయిన్ 2023లో ప్రత్యేక వీసాలు తెచ్చాయి. ఏడాదిలో ఒకే దేశంలో 183 రోజులు దాటితే ఆ దేశానికి పన్ను కట్టాల్సి రావచ్చు. మిగతావన్నీ రాయబార కార్యాలయాల సైట్లలో ఉంటాయి. చదువుకున్నవారు, చూసుకోగలరు.

నేను మొదట మనసు పడ్డది పోర్చుగల్‌లోని పోర్టో మీద. జూన్‌లో వెళ్లాను. 23వ తేదీ రాత్రి సెయింట్ జాన్ పండుగ. ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు నవ్వుతూ ఎదురొచ్చి, ప్లాస్టిక్ సుత్తితో నెత్తిమీద మెత్తగా తట్టి వెళుతున్నారు. ఇంత కలుపుగోలు జనం ఇంకెక్కడ దొరుకుతారనుకుని, ఆ నెల తిరగకుండానే ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేశాను.

నవంబరు వచ్చేసరికి వాన పట్టుకుంది. అక్కడి పాత ఇళ్లలో చాలావాటికి గదులు వెచ్చబరిచే ఏర్పాటు ఉండదు. ఒక్కోరోజు వీధిలో కంటే ఇంట్లోనే చలి ఎక్కువ. ఆరేసిన బట్టలు మర్నాటికీ చెమ్మగానే ఉండేవి. మంచం వెనక గోడకు నల్లటి బూజు పట్టింది. అదైనా ఓర్చుకోవచ్చు. వేసవిలో పరిచయమైనవాళ్లంతా నాలాంటి బాటసారులే కావడంతో, ఒక్కొక్కరే మరో దేశం వెళ్లిపోయారు. మెట్ల మీద పక్కింటి పెద్దావిడ ఎదురైతే, నాకొచ్చిన పోర్చుగీసు 'బోం దియా' (శుభోదయం) దగ్గరే ఆగిపోయేది. శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ మూస్తే సోమవారం దాకా గొంతు విప్పే అవసరమే రాలేదు. ఇందులో ఆ ఊరి తప్పేమీ లేదు. పండుగ పూట పరాయివాడికి దక్కిన చనువు చూసి నేనే బాంధవ్యమనుకున్నాను.

తిరుగుతున్నంతకాలం ఒంటరితనం మనిషికి తెలియదు. అందుకే ఇప్పుడు నేను చెప్పేది మీకు పెద్దమనిషి చాదస్తంలా అనిపిస్తుంది. డబ్బు చాలకపోతే చిన్న ఇంట్లోకి మారవచ్చు. కానీ జ్వరమొచ్చి పడుకుంటే తలుపు తట్టేవారు లేని ఊళ్లో, కిటికీ లోంచి సముద్రం కనిపిస్తే మాత్రం ఏం లాభం?

స్పెయిన్‌లోని వాలెన్సియాకు చలికాలంలో వెళ్లాను. పర్యాటకులు దిగే పాతబస్తీని వదిలి, ఉద్యోగస్తులుండే పేటలో గది తీసుకున్నాను. 1957 వరద తర్వాత అక్కడ తూరియా నదిని ఊరికి దక్షిణంగా మళ్లించి, పాత నదీగర్భాన్ని సుమారు 9 కిలోమీటర్ల పొడవైన తోటగా మార్చారు. రోజూ ఒకే వేళకు అందులో నడిచేవాణ్ణి. కుక్కల్ని తిప్పేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, వంతెన కింద బాకా సాధన చేసే కుర్రాడు, అందరూ అవే మొహాలు. మొదట తలలూపారు, తర్వాత పలకరించారు. తక్కువ ఫీజుతో నడిచే ప్రభుత్వ భాషా పాఠశాలలో స్పానిష్ నేర్చుకున్నాను. అక్కడ ఉండేది ఎక్కువగా నాలాంటి విదేశీయులే. స్థానికులు కావాలంటే వాళ్లు చేసే పనిలోకే వెళ్లాలని, పేటవాళ్ల ఆదివారం నడక బృందంలో చేరాను.

2024 అక్టోబరు 29న మళ్లీ వరద వచ్చింది. మళ్లించిన నది పుణ్యమా అని నగరం చాలావరకు బయటపడింది. దక్షిణాన పైపోర్తా వంటి ఊళ్లు బురదలో కూరుకుపోయాయి. ఆ ప్రాంతమంతటా కలిపి 200 మందికి పైగా చనిపోయారు. ఆ వారాంతంలో నడక బృందంలోని ఒకాయన ఫోను చేసి, "నీ దగ్గర పార ఉందా? లేకపోతే నేను చీపురు తెస్తాను, పొద్దున్నే వంతెన దగ్గర ఉండు" అన్నాడు. వస్తావా అని అడగనైనా అడగలేదు. వేలమంది చీపుర్లు, పారలు భుజాన వేసుకుని కాలినడకన, మళ్లించిన నది మీదున్న ఆ వంతెన దాటుతున్నారు. సాయంత్రం దాకా ఒక ముసలాయన ఇంట్లో బురద తోడాం. నన్ను విందుకు పిలిచినవాళ్లు అంతకుముందు చాలా ఊళ్లలో ఉన్నారు. పనికి పిలిచింది ఇక్కడివాళ్లే. ఇల్లు కూడా ఇక్కడే కొనుక్కున్నాను.

ఇక మీ జాబితా. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో డిసెంబరు చివర పగలు ఆరు గంటలైనా ఉండదు, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఏడు గంటలు. జూన్‌లో రాత్రి పదింటి వెలుగు చూసి మురిసిపోకండి. ఆ రెంటినీ డిసెంబరులోనే చూడండి. పోర్టోకు నవంబరులో వెళ్లండి, ఇల్లు చూసేటప్పుడు మంచం జరిపి వెనక గోడ తడిమి చూడండి. వాలెన్సియా వైపు వస్తే అద్దెకు ముందు ఆ పేట వరద పటంలో ఎక్కడుందో చూసుకోండి. ఎక్కడ దిగినా మొదటి వారంలోనే వారం వారం జరిగేది ఏదో ఒకటి పట్టుకోండి, పాటల బృందమో, నడకో, ఏదైనా సరే. రెండు నెలలు మానకుండా వెళ్లి, ఒక వారం వెళ్లడం మానేయండి. ఎందుకు రాలేదని ఒక్కరైనా ఫోను చేసేదాకా ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టకండి.